నోరు తిరగని మాట

పన్నెండేళ్ళ క్రితం ఒక జాతీయ సెమినార్‌లో స్త్రీల ఆత్మకథల మీద పత్రం చదువుతున్నాను. రెండో పేజీ తిప్పానో లేదో, అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దాయన చెయ్యెత్తి ఆపారు. "అమ్మాయీ, ఇందాకట్నుంచీ ఉమెన్, ఉమెన్ అంటున్నావు. అది విమిన్. ముందు ఆ మాట పలకడం నేర్చుకో, తర్వాత వాళ్ళ గురించి రాద్దువుగాని" అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా చిన్నతనంగా ఉంటుందనిపించింది. మిగిలిన పత్రంలో ఆ మాట కనీసం ముప్పై చోట్ల ఉంది. వచ్చిన ప్రతిసారీ దాన్ని దాటేసి "దీజ్ రైటర్స్" అనో, "దే" అనో చదువుకుంటూ పోయాను. స్త్రీల గురించి రాసుకున్న పత్రంలోంచి స్త్రీలు అన్న మాటను నా అంతట నేనే తీసేశాను.

ఇంటికొచ్చాక ఆ మాట చరిత్ర వెతికాను. పరిశోధన అలవాటు కొంత, ఉక్రోషం కొంత. పాత ఇంగ్లీషులో అది "వీఫ్‌మన్". వీఫ్ అంటే స్త్రీ, మన్ అంటే మనిషి. బహువచనం "వీఫ్‌మెన్". కాలక్రమంలో మధ్యలోని హల్లు జారిపోయింది. ఏకవచనంలో ముందున్న హల్లు ప్రభావంతో ఇకారం గుండ్రబడి ఉకారం వైపు వెళ్ళింది. బహువచనంలో ఇకారం అలాగే నిలిచిపోయింది. రాతలో మాత్రం రెండింటికీ 'ఓ' అక్షరమే స్థిరపడింది. అందుకని కాగితం మీద తేడా మాట చివర కనిపిస్తుంది, చెవికి తేడా మాట మొదట్లో వినిపిస్తుంది. పుస్తకం చదివి ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్ళకి ఈ సంగతి తెలిసే దారి లేదు. ఇంట్లోనో బళ్ళోనో ఆ మాటను అలా పలికేవాళ్ళు ఉండి, విని ఉండాలి. నన్ను ఆపిన పెద్దాయన నిజానికి నేను ఏ ఇంట్లో పుట్టానో, ఏ బళ్ళో చదివానో నలుగురిలో బయటపెట్టారు.

అప్పటినుంచీ నన్ను వెంటాడుతున్న ప్రశ్న ఇది. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళకి నేర్పే ఈ "సరైన ఉచ్చారణ" ఎవరి నోటిది? దాన్ని కొలబద్దగా పెట్టింది ఎవరు? పాఠాలుగా మలిచి నేర్పింది ఎవరు?

1886లో పారిస్‌లో పాల్ పాసీ అనే ఫ్రెంచి ఉపాధ్యాయుడి చొరవతో కొందరు భాషోపాధ్యాయులు ఒక సంఘం పెట్టుకున్నారు. పరాయి భాషను వ్యాకరణ సూత్రాలతో, అనువాదాలతో బట్టీ పట్టించకుండా, పలుకుబడితో మొదలుపెట్టాలన్నది వాళ్ళ పట్టుదల. ఇప్పుడు నిఘంటువుల్లో మాట పక్కన కనిపించే అంతర్జాతీయ ధ్వని లిపి ఆ సంఘం కృషి ఫలితమే. బడిపిల్లల కోసం మొదలైన పని అది. లండన్‌లో యూనివర్సిటీ కాలేజీలో డేనియల్ జోన్స్ ఆ పనిని ఒక శాస్త్రవిభాగంగా నిలబెట్టారు. 1917లో ఆయన తెచ్చిన ఇంగ్లీషు ఉచ్చారణ నిఘంటువు ప్రపంచం నలుమూలలా ఇంగ్లీషు పంతుళ్ళ బల్ల మీదికి చేరింది.

ఆ నిఘంటువు ముందుమాటలో జోన్స్ తాను ఎవరి ఉచ్చారణను నమోదు చేస్తున్నదీ దాచుకోకుండా చెప్పారు. దక్షిణ ఇంగ్లండులో, ఏ కుటుంబాల మగవాళ్ళు పెద్దపెద్ద పబ్లిక్ స్కూళ్ళలో బోర్డింగులో ఉండి చదువుకున్నారో ఆ కుటుంబాలలో రోజూ వినిపించే మాటతీరు అది. పబ్లిక్ అన్నది పేరుకే. ఈటన్, హారో, వించెస్టర్ వంటి ఆ బడులు డబ్బూ దర్జా ఉన్న ఇళ్ళ మగపిల్లలవి. ఆ నిర్వచనం మొదటిసారి చదివినప్పుడు "మగవాళ్ళు" అన్నచోట ఆగిపోయాను. అందులో స్త్రీలు లేకపోలేదు. కుటుంబాలన్న మాటలో తల్లులుగా, చెల్లెళ్ళుగా, భార్యలుగా ఉన్నారు. కానీ వాళ్ళ మాట ప్రామాణికం కావాలంటే వాళ్ళ ఇంటి మగవాడు ఫలానా బళ్ళో చదివి ఉండాలి. ఆమె ఏ బళ్ళో చదివిందన్నది లెక్కలోకే రాదు. ఇంటిపేరులాగే ఉచ్చారణ కూడా మగవాడి వైపు నుంచే సంక్రమిస్తుందన్నమాట.

జోన్స్ మొదట దీన్ని పబ్లిక్ స్కూల్ ఉచ్చారణ అన్నారు. 1926 నాటి ముద్రణలో ఆ పేరు తీసేసి "రిసీవ్డ్ ప్రొనన్సియేషన్" అని మార్చారు. రిసీవ్డ్ అంటే అందరూ ఆమోదించినది అని. ఎవరు ఆమోదించారన్న సంగతి ఆ పేరులో ఉండదు. మొదటి పేరులో వర్గమూ, వెతికితే జెండరూ కనబడేవి. రెండో పేరుతో రెండూ మాయమయ్యాయి. జోన్స్‌కి న్యాయం చేయాలంటే ఒక మాట చెప్పాలి. తాను తీర్పరిని కాననీ, ఉన్నదాన్ని నమోదు చేస్తున్నాననీ ఆయన స్పష్టంగానే చెప్పుకున్నారు. కానీ విదేశీ విద్యార్థి చేతికి వచ్చేసరికి నమోదు కాస్తా శాసనమైపోయింది. ముందుమాటలు ఎవరు చదువుతారు గనక!

ఇక పాఠం చెప్పినవాళ్ళ సంగతి. ఇక్కడే నాకు చరిత్ర తిరగబడినట్టనిపించింది. జోన్స్ విభాగంలో ఈ ఉచ్చారణను విదేశీయులకు నేర్పినవాళ్ళలో, అందుకు పుస్తకాలు రాసినవాళ్ళలో ముందువరసలో ఉన్నది స్త్రీలు. లిలియస్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1882లో లాంకషైర్‌లో పుట్టింది. లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి, లాటిన్ చదివి, లండన్ శివార్లలోని ఈస్ట్ హామ్‌లో బడిపంతులమ్మగా పనిచేసి, 1918లో జోన్స్ విభాగంలో చేరింది. ఐడా వార్డ్ 1880లో బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టింది. పదహారేళ్ళు హైస్కూళ్ళలో పాఠాలు చెప్పి 1919లో అక్కడికే వచ్చింది. ఇద్దరూ ఉత్తరాదివాళ్ళు. జోన్స్ నిర్వచనంతో చూస్తే ఇద్దరి పుట్టిళ్ళూ ఆ గీతకు బయటే ఉన్నాయి. ఏ బడుల పలుకును ప్రపంచానికి నేర్పారో ఆ బడుల్లో విద్యార్థులుగా వీళ్ళకు చోటు లేదు. వాళ్ళకి దక్కింది చెవి ఒక్కటే. ఆ చెవిని ఎంత పదును పెట్టుకున్నారో వాళ్ళ పుస్తకాలు చూస్తే తెలుస్తుంది.

1926లో ఆ ఇద్దరూ కలిసి రాసిన ఇంగ్లీషు స్వరపు ఎత్తుపల్లాల కరదీపిక ఉపాధ్యాయుల కోసం రాసినది. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు గొంతు ఎక్కడ లేస్తుంది, ఎక్కడ దిగుతుంది అన్నది అంతులేని చిక్కుముడి. వాళ్ళు దాన్ని రెండు వరుసలకి కుదించారు. మొదటి వరుసలో వాక్యం చివర గొంతు దిగుతుంది. మామూలు వాక్యాలు, ఆజ్ఞలు, ఎవరు, ఎక్కడ అని అడిగే ప్రశ్నలు ఇందులోకి వస్తాయి. రెండో వరుసలో చివర గొంతు లేస్తుంది. అవునా కాదా అన్న ప్రశ్నలు, అభ్యర్థనలు, ఇంకా పూర్తికాని మాటలు ఇందులోకి వస్తాయి. గొంతు కదలికను చుక్కలతో, గీతలతో కాగితం మీద చూపించారు. వినిపించడానికి గ్రామఫోను రికార్డులు చేశారు. తర్వాత వచ్చిన పండితులు ఇది మరీ సులభం చేసేశారని విమర్శించారు. నిజమే కావచ్చు. కానీ తరగతి గదిలో నిలబడ్డవాళ్ళకి తెలుసు, చిక్కుముడి మొత్తం ఒకేసారి చూపిస్తే పిల్లలు పారిపోతారు. ఏది ముందు చెప్పాలో, ఏది తర్వాతకి ఉంచుకోవాలో తెలియడం కూడా పాండిత్యమే. పంతులమ్మల పాండిత్యం కనక దానికి ఆ పేరు రాలేదు.

ఆర్మ్‌స్ట్రాంగ్ దశాబ్దానికి పైగా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికకు సహసంపాదకురాలిగా పనిచేసింది. 1926లో రష్యన్ ధ్వనిశాస్త్రవేత్త సైమన్ బొయానస్‌ను పెళ్ళి చేసుకున్నాక కూడా వృత్తిలో మిస్ ఆర్మ్‌స్ట్రాంగ్‌గానే కొనసాగింది. సోమాలీ, కికుయు భాషల ధ్వనుల మీద లోతైన పని చేసింది. రీడర్ పదవి 1937లో వచ్చింది, ఆ డిసెంబరులోనే 55 ఏళ్ళకు చనిపోయింది. కికుయు పుస్తకం 1940లో, ఆమె పోయాక అచ్చయింది. వార్డ్ పశ్చిమాఫ్రికా భాషలవైపు వెళ్ళి 1944లో ప్రొఫెసర్ అయింది, అప్పటికి ఆమెకి అరవై దాటాయి. ఆఫ్రికా భాషల మీద వాళ్ళ కృషి వలస పాలన అవసరాలతో ముడిపడి ఉన్నదన్న సంగతిని నేను దాటవేయను. ఇంగ్లీషును బయటికి పంపిన విభాగంలోనే బయటి భాషల్ని వినడమూ సాగింది. ఆ రెండు పనులూ ఒకే సామ్రాజ్యపు నీడలో జరిగాయి.

ఇప్పుడు జనసామాన్యం మనసులో ఉన్న బొమ్మను దీని పక్కన పెట్టి చూడండి. ఉచ్చారణ పాఠం అనగానే లోకానికి గుర్తొచ్చేది షా నాటకం "పిగ్మాలియన్". 1913లో వియన్నాలో, 1914లో లండన్‌లో ప్రదర్శించారు. అందులో గురువు హిగ్గిన్స్ మగవాడు. పూలమ్ముకునే ఎలైజా శిష్యురాలు. ఆమె నాలుకను అతను తిరగరాస్తాడు. ఆ హిగ్గిన్స్‌కి మూలం హెన్రీ స్వీటా, జోన్సా అని పండితులు ఈనాటికీ చర్చిస్తున్నారు. అదే లండన్‌లో అదే పని చేసిన పంతులమ్మల గురించి ఎవరూ నాటకం రాయలేదు. కథలో నేర్పేవాడు మగవాడు, నేర్చుకునేది ఆడది. చరిత్రలో ఆర్మ్‌స్ట్రాంగ్ ముందు కూర్చుని దేశదేశాల మగవాళ్ళు కూడా నేర్చుకున్నారు.

పోనీ, అచ్చమైన ఉచ్చారణ వస్తే ఆడగొంతుకి అధికారం వస్తుందా? 1926లో బీబీసీ తమ ప్రకటనకర్తలు ఏ మాట ఎలా పలకాలో తేల్చడానికి ఒక సలహా సంఘం వేసింది. కవి రాబర్ట్ బ్రిడ్జెస్ అధ్యక్షుడు, షా, జోన్స్ సభ్యులు. మొదట వేసిన ఆరుగురూ మగవాళ్ళే. 1933లో షీలా బొరెట్ అనే ఆమెను ప్రకటనకర్తగా పెడితే వేల ఫిర్యాదులు వచ్చాయి. కొన్ని నెలలకే ఆమెను తప్పించారు. ఆమె ఉచ్చారణలో తప్పేమీ లేదు. గొంతు ఆడది, అంతే. తర్వాతెప్పుడో, 1975లో, రాబిన్ లేకాఫ్ స్త్రీల భాష గురించి రాస్తూ, మామూలు జవాబును కూడా ప్రశ్నలా గొంతు లేపి చెప్పే అలవాటు గురించి ప్రస్తావించింది. ఆర్మ్‌స్ట్రాంగ్, వార్డుల రెండో వరుస అది. గొంతు దించి చెబితే పొగరు, లేపి చెబితే అధైర్యం. ఈ ఇరకాటం ఇంగ్లీషువాళ్ళకే పరిమితం కాదని మనందరికీ తెలుసు.

ఈ కథ మన దగ్గరికి హైదరాబాదు దారినే వచ్చింది. 1958లో ఇక్కడ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ మొదలైంది. 1972లో విదేశీ భాషలు చేరి సీఫెల్ అయింది, 2007లో ఇఫ్లూ విశ్వవిద్యాలయమయింది. దేశం నలుమూలల నుంచీ ఇంగ్లీషు అధ్యాపకులు అక్కడికి వచ్చి ఉచ్చారణలో శిక్షణ తీసుకుని వెళ్ళి తమ కాలేజీల్లో పాఠాలు చెప్పారు. అక్కడే ఆర్.కె. బన్సల్ 1969లో భారతీయుల ఇంగ్లీషు ఎదుటివాళ్ళకి ఎంతవరకు అర్థమవుతుందన్న దాని మీద పుస్తకం వెలువరించారు. 1972లో ఆ సంస్థ భారతీయ ఇంగ్లీషు ధ్వని వ్యవస్థను వర్ణించే పుస్తకం కూడా తెచ్చింది. లండన్‌ను కొలబద్దగా పెట్టుకోవడం ఒకవైపు, మన ఇంగ్లీషుకీ ఒక వ్యవస్థ ఉందని చెప్పడం ఒకవైపు, రెండూ ఒకే ఊళ్ళో జరిగాయి. అయితే ఆ రెండోది కూడా "చదువుకున్న" భారతీయుల పలుకే.

ఇది మనకి కొత్త కాదు. జోన్స్ నిఘంటువు తయారవుతున్న రోజుల్లోనే ఇక్కడ గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడుతున్నారు. ఆ పోరాటం లేకపోతే నేనీ వ్యాసం ఈ భాషలో రాయగలిగేదాన్ని కాదు. కానీ ప్రమాణంగా నిలిచిన మాట "శిష్ట వ్యావహారికం". శిష్టులెవరన్న ప్రశ్నను తర్వాతి కాలంలో దళిత, బహుజన రచయితలు, తెలంగాణ రచయితలు గట్టిగా అడిగారు. శనివారాన్ని సనివారం అన్నందుకు, పళ్ళను పల్లు అన్నందుకు బళ్ళో నవ్వులపాలైన పిల్లలకి ఆ ప్రశ్న పుస్తకాల్లోంచి రాలేదు. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి వాళ్ళకి అది రెండో వడపోత.

పరిశోధన మధ్యలో రెండేళ్ళు ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీగా ఇంగ్లీషు చెప్పాను. సిలబస్‌లో ఉచ్చారణ ఒక యూనిట్. తెలుగు నోటికి సహజమైనవన్నీ అక్కడ తప్పుల పట్టికలో కనిపిస్తాయి. మనది అజంత భాష కనక బస్, రోడ్ బస్సు, రోడ్డు అవుతాయి. మాట మొదట ఎ వస్తే ముందు య చేరి ఎమ్మే యెమ్మే అవుతుంది. ఇంగ్లీషులో రెండు వేర్వేరు ధ్వనులకి మనకి ఉన్నది ఒక్క వ. ఇవన్నీ మా పిల్లలకి తెలుగు బాగా వచ్చు అనడానికి రుజువులు. పట్టికలో మాత్రం ఎడమవైపు గడిలో ఉంటాయి.

అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది ఆ పట్టికలో లేదు. 1964లో బియాట్రిస్ హానిక్‌మన్ అనే ధ్వనిశాస్త్రవేత్త ఒక మంచి సంగతి చెప్పింది. ప్రతి భాషకీ నోటిని పట్టుకునే ఒక తీరు ఉంటుంది, దవడ, పెదవులు, నాలుక ఉండే భంగిమ ఉంటుంది, ముందు అది పట్టుబడితే విడివిడి ధ్వనులు వాటంతట అవే దారికొస్తాయి అని. నా తరగతిలో ఆడపిల్లలకి అప్పటికే ఒక భంగిమ పట్టుబడి ఉంది. దాన్ని ఇల్లు నేర్పింది. పెదవులు దగ్గరగా, గొంతు లోపలికి, చూపు బల్ల మీదికి. "నోట్లో నాలుక లేని పిల్ల" అన్నది మన ఇళ్ళలో మెచ్చుకోలు. పద్దెనిమిదేళ్ళు ఆ మెచ్చుకోలు సంపాదించుకున్న పిల్లని లేపి నిలబెట్టి, నాలుక పళ్ళ మధ్య పెట్టి ఊపిరి వదులు అంటే ఏం చేస్తుంది? వెనక బెంచీల్లో మగపిల్లలు చూస్తుంటారు. ఆమె పుస్తకం అడ్డం పెట్టుకుంటుంది. మేమేమో రికార్డులో "ఉచ్చారణ బలహీనం" అని రాసుకుంటాం.

ఆ పిల్లల్లోనే కొందరు 2000 తర్వాత వచ్చిన కాల్ సెంటర్లకి వెళ్ళారు. అక్కడ యాసను తుడిచే శిక్షణ ఇచ్చేవాళ్ళు. రాత్రంతా పరాయి పేరుతో, పరాయి గొంతుతో మాట్లాడి తెల్లారి క్యాబ్‌లో ఇంటికి వచ్చేవాళ్ళు. ఆ జీతంతో సొంత కాళ్ళ మీద నిలబడ్డ అమ్మాయిలు ఉన్నారు, దాన్ని నేను తక్కువ చేయను. ఇప్పుడు మాట్లాడుతుండగానే యాసను మార్చి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా వచ్చింది. అంటే నోరు మార్చుకోమని అడగక్కర్లేదు, నోటికీ వినేవాళ్ళకీ మధ్య దాన్ని మార్చేస్తారు. వినేవాడు మాత్రం ఎప్పటిలాగే మారనక్కర్లేదు.

వినేవాళ్ళ బాధ్యత గురించి మాట్లాడినవాళ్ళు లేకపోలేదు. జోన్స్ శిష్యుడే అయిన డేవిడ్ అబెర్‌క్రాంబీ 1949లోనే, చాలామంది విద్యార్థులకి కావలసింది ఎదుటివాళ్ళకి శ్రమలేకుండా అర్థం కావడమేనని వాదించాడు. 1995లో కెనడాలో ముర్రే మన్రో, ట్రేసీ డర్వింగ్ పరిశోధన చేసి చూపించారు, యాస బలంగా ఉన్నంత మాత్రాన మాట అర్థం కాకుండా పోదని. 2000లో జెన్నిఫర్ జెన్కిన్స్ ఇంకో అడుగు వేసింది. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు నిజంగా ఏది అడ్డం వస్తోందో గమనించి, తప్పక నేర్పవలసినవి కొన్నే అని తేల్చింది. అచ్చుల హ్రస్వదీర్ఘాల తేడా, మాట మొదట్లోని సంయుక్త హల్లులు, వాక్యంలో ముఖ్యమైన మాట మీద ఊనిక, ఇలాంటివి. నాలుక పళ్ళ మధ్య పెట్టే ఆ ధ్వని జాబితాలో లేదు. దాని బదులు మన త, ద అన్నా నష్టం లేదు. పిన్ అన్నప్పుడు మొదటి హల్లుకి కాస్త ఊపిరి జోడించాలి, లేకపోతే వినేవాళ్ళకి బిన్ అనిపించవచ్చు. వత్తక్షరాలున్న భాష మనది, ఆ ఊపిరి ఏమిటో మన పిల్లలకి చెప్పడం కష్టం కాదు. నూట పాతిక తప్పుల పట్టిక చింపేసి, పని జరిగే పది విషయాలు చెప్పుకోవచ్చు. ఏది ముందు, ఏది తర్వాత అన్న ఆ పాత పంతులమ్మల ప్రశ్నే మళ్ళీ వచ్చింది. ఈసారి కొలబద్ద బోర్డింగు బడి కాదు.

ఉచ్చారణ నేర్పవద్దని నేను అనడం లేదు. ఇంటర్వ్యూ గదిలో, వీసా కిటికీ ముందు, సెమినార్ హాలులో మన పిల్లలకి అది అన్నం పెట్టే విద్య. దాన్ని నేర్పకపోవడం అభ్యుదయం కాదు, ఇప్పటికే తెలిసినవాళ్ళకి గేటు తాళాలు అప్పజెప్పడం. ఎలాగూ నేర్పేటప్పుడు దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా చెబుదామంటున్నాను. ఇది ఎవరి బళ్ళలో పుట్టిందో, ఎవరి పేరున చెలామణి అయిందో, ఎవరి శ్రమతో ప్రపంచానికి చేరిందో తెలిసిన పిల్ల దాన్ని ఒక పనిముట్టులా వాడుకుంటుంది. తెలియని పిల్ల దాని ముందు దోషిలా నిలబడుతుంది.

ఆ డిగ్రీ కాలేజీలో నా చివరి నెలలో ఆ మాట పాఠంలోకి వచ్చింది. బోర్డు మీద ఏకవచనం, బహువచనం రాసి, రెండు రకాలుగా పలికి, వీఫ్‌మన్ దగ్గరనుంచీ కథంతా చెప్పాను. సెమినార్ సంగతి కూడా చెప్పాను. ఎప్పుడూ పుస్తకం అడ్డం పెట్టుకునే అమ్మాయి ఒకతె లేచి, "మరి మన ఉమెన్స్ కాలేజీని ఏమనాలి మేడం?" అని అడిగింది. తరగతి నవ్వింది, ఈసారి ఆమె మీద కాదు. తెలుగులో మాట్లాడేటప్పుడు అది తెలుగు మాట, నీ ఇష్టం అన్నాను. ఇంగ్లీషులో అయితే విమిన్ అను, ఎదుటివాళ్ళు తడబడకుండా ఉంటారు. ఎప్పుడైనా మర్చిపోయి ఉమెన్ అన్నావే అనుకో, ఆగకు. వాక్యం పూర్తి చెయ్యి.